మొలలోతు నీళ్ళలో పరీక్ష

"నన్ను వదిలేసి తెడ్డు కోసం వెళ్ళావు మామ్మా. తెడ్డు కోసం!"

"ఎక్కడ వదిలేశానే? నాలుగు బారల దూరంలో ఉన్నావు. నీళ్ళు నీ మొల దాటలేదు."

"రెండుసార్లు పిలిచాను."

"విన్నాను."

"విని కూడా వెళ్ళావా?"

"గాలికి తెడ్డు కొట్టుకుపోతోంది. నువ్వేమైనా కొట్టుకుపోతావా?"

"నాకు భయమేసింది!"

"భయమెందుకు? లేచి నిలబడితే సరిపోయేది."

"నిలబడకూడదనే కదా నెల్లాళ్ళ నుంచి నేర్పిస్తున్నారు!"

"నేర్పిస్తే? ప్రాణం మీదికొచ్చినా నిలబడవా?"

"అదిగో, ప్రాణం మీదికొచ్చిందని నువ్వే అంటున్నావు."

కొల్లేటి గట్టు మీద ఇద్దరం నీళ్ళోడుతూ నిలబడి ఉన్నాం. శనివారం, పొద్దున ఎనిమిదయి ఉంటుంది. నా కొడుకు కూతురు అది. పంతొమ్మిదేళ్ళు. ఏలూరులో నా దగ్గరే ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నాకప్పుడు అరవై నాలుగు. ఇద్దరి ఒంటి మీదా నారింజరంగు లైఫ్ జాకెట్లు. మాకు పడవలు నేర్పే మాస్టారు తాడు చుట్టుకుంటూ, మా మాటలు వినపడనట్టు నీళ్ళకేసి చూస్తున్నారు. బ్యాంకులో పనిచేసే ఆవిడ ఒకరు తువ్వాలు తెచ్చి, ఇద్దరిలో ఎవరికివ్వాలో తెలియక మధ్యలో ఆగిపోయారు.

నేను తప్పు చేశానో లేదో నాకు అప్పుడు తెలియలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా పూర్తిగా తెలుసని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొల్లేట్లో అక్రమంగా వేసిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన మరుసటి ఏడాది అది. వానలు బాగా పడి, కొల్లేరు చాలా కాలానికి మళ్ళీ వెడల్పుగా కనిపించింది. నేవీలో పనిచేసి రిటైరైన ఒకాయన ఏలూరులో అత్తవారి వీధిలో ఇల్లు కట్టుకున్నారు. ఆయనే మా మాస్టారు. విశాఖపట్నం నుంచి ఎనిమిది పాత పడవలు లారీలో వేయించి తెచ్చి, ఒక క్లబ్బు మొదలుపెట్టారు. అవి చెక్క పడవలు కావు, ప్లాస్టిక్. కయాక్ అంటారట. బెండకాయలా సన్నగా పొడుగ్గా ఉంటుంది, పైన మూసేసి ఉంటుంది, నడిమధ్యలో మనిషి నడుం పట్టేంత కన్నం. ఆ కన్నంలోకి కాళ్ళు దూర్చి కూర్చోవాలి. తెడ్డుకి రెండు చివర్లా రెక్కలుంటాయి. శని, ఆదివారాలు పొద్దున్నే గట్టు దగ్గర నేర్పుతారు.

మనవరాలు చదివేది జువాలజీ. కొల్లేట్లో గూడబాతులు, అదే పెలికన్లు, గూళ్ళు కట్టే చోటుకి నీళ్ళ మీద నుంచి వెళ్ళి చూడాలని దాని కోరిక. క్లబ్బువాళ్ళు కార్తీకంలో సరస్సుకి అడ్డంగా ఆ వైపుకే వెళ్ళి వస్తారని తెలిసిన రోజు నుంచి దానికి వేరే మాట లేదు. వాళ్ళ నాన్న తాడేపల్లిగూడెంలో లారీ ఆఫీసులో గుమాస్తా. ఫోను చేస్తే, "నీ ఇష్టం అమ్మా, నువ్వెలా అంటే అలాగే" అన్నాడు. వాడెప్పుడూ అంతే. అందుకని నేనే ఒక మాట గట్టిగా చెప్పాను, నేను లేకుండా నువ్వు నీళ్ళలో దిగేది లేదని.

గట్టు మీద కూర్చుని కాపలా కాయడమే అనుకున్నాను. రెండు వారాలు అలాగే కూర్చున్నాను, కూర్చున్నంతసేపూ గోంగూర ఒలుచుకుంటూ. మూడో శనివారం దాని జంట పిల్ల రాలేదు. జలుబు చేసిందని వాళ్ళమ్మ మాన్పించేసిందట. జంట లేకపోతే కుదరదు, ఎందుకంటే ఒకరు పడితే ఒకరు తియ్యాలి. మాస్టారు చుట్టూ చూసి నా దగ్గరకొచ్చారు.

"మామ్మగారూ, మీకు ఈతొచ్చాండీ?"

"నేను పుట్టింది కొల్లేటి లంకలో అండి. చుట్టూ నీళ్ళే. రాకపోతే ఎలా బతుకుతాం?"

"పడవ?"

"పెళ్ళయ్యేదాకా దోనె నడిపాను."

దోనె అంటే తాటిమానుని తొలిచి చేసేది. కొల్లేటివాళ్ళకి సైకిలైనా, బండైనా అదే. నిలబడి గెడకర్రతో పొడుచుకుంటూ పోతాం. ఆయన సంతోషపడిపోయి, "ఇంకేం, మీరే జంట" అన్నారు. మనవరాలు నోరు తెరుచుకుని చూసింది. దానికి ఇష్టమో కాదో నేను అడగలేదు.

చీరతో ఎక్కడానికి వీల్లేదన్నారు. కన్నంలో కాళ్ళకి చుట్టుకుంటే బయటికి రాలేమట. కొత్తవి కొనడమెందుకని ఇంట్లో చిరిగిన దుప్పటి ఒకటుంటే దానితో పైజామా కుట్టుకున్నాను. పచ్చ గళ్ళ దుప్పటి. బస్సులో పైన చీర చుట్టుకుని వెళ్ళి, గట్టు దగ్గర చీర తీసి మడతపెట్టేదాన్ని. మొదటిరోజు ఆ పడవలో కాలు పెట్టి, అలవాటు కొద్దీ నిలబడ్డాను. అది నన్ను అటునుంచి అటే నీళ్ళలో పడేసింది.

"కూర్చోవాలండీ మామ్మగారూ!"

"కూర్చుంటే దారెలా కనపడుతుందండీ?"

"ముందుకి చూడండి, కనపడుతుంది."

కూర్చుంటే కనపడేది కిక్కిస గడ్డి, నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క. అయినా కూర్చోవడం నేర్చుకున్నాను. తెడ్డు వెయ్యడమూ వచ్చింది. నాకు ఎంతకీ అర్థం కానిది ఆ తరవాత పాఠం. కావాలని పడాలి. పడవ బోల్తా కొట్టించి, తలకిందులుగా నీళ్ళలోకి వెళ్ళి, బయటికొచ్చి, పడవ పట్టుకుని తేలుతూ ఉండాలి. రెండో మనిషి వచ్చి ఆ పడవ ముక్కు ఎత్తి, తన పడవ మీదికి లాక్కుని, అందులో నీళ్ళు ఒంపేసి, తిరగేసి, పడిన మనిషిని ఎక్కించాలి. దీన్ని రెస్క్యూ అంటారు. నా చిన్నతనమంతా దోనె ఊపితే వీపు మీద దెబ్బలు పడ్డాయి. పడకుండా ఉండటమే మాకు నేర్పారు. ఇక్కడ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, నేను పడినప్పుడల్లా "శభాష్ అండి" అంటున్నారు.

పైగా ఆ నీళ్ళు మొలలోతు. మాస్టారు పడి చూపించిన రోజున ఒక జాలరి తన దోనె మీద అటుగా పోతూ గెడ ఆపాడు.

"ఏవండీ మామ్మగారూ, ఆయన మునిగిపోతున్నాడా ఏంటండీ? నిలబడమనండి, ఇక్కడ మొలలోతే!"

నీళ్ళలోంచి మాస్టారు, "లోతనుకుంటున్నామండీ!" అని అరిచారు.

"ఎవరండీ అనుకునేది?"

"మేవేనండి."

"అయితే అనుకోండి మరి" అని గెడ పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు ఆ జాలరి మాటే న్యాయంగా తోచింది. మనవరాలిని అడిగాను, ఉన్న నేలని లేనట్టూ లేని లోతుని ఉన్నట్టూ అనుకోవడమేమిటని. "సరస్సు మధ్యలో వానాకాలం లోతుంటుంది మామ్మా, అక్కడ అలవాటు లేకపోతే ఎలా?" అంది. అదీ నిజమే. ఒక్కో మాట విన్నప్పుడు ఆ మాటే నిజమనిపించేది.

ఈ రెస్క్యూకి ఒక వరస ఉంది. మాస్టారు దాన్ని మాచేత పదేపదే చెప్పించేవారు. ముందు మనిషి, తరవాత పడవ, ఆ తరవాత తెడ్డు. మనిషి దగ్గరికి వెళ్ళి ముఖం చూసి "బాగున్నావా" అని అడగాలి. జవాబు వచ్చాకే పడవ ముట్టుకోవాలి. నేను చదివింది మిషన్ బడిలో మూడో తరగతి దాకానే అయినా వల్లెవేయడంలో ఎవరికీ తీసిపోను. అందరికంటే గట్టిగా చెప్పేదాన్ని. మనిషి, పడవ, తెడ్డు.

కార్తీకం ప్రయాణానికి ముందు పరీక్ష పెట్టారు. జంటలో ఇద్దరూ ఒకరినొకరు తీసి చూపిస్తేనే పేరు జాబితాలో ఉంటుంది. ఆ శనివారం జరిగింది ఆ పరీక్షే.

ముందు నేను పడ్డాను. మనవరాలు పద్ధతిగా వచ్చి, "మామ్మా, బాగున్నావా?" అని అడిగి, నా పడవ ఒంపి, నన్ను ఎక్కించింది. నా బరువుకి దాని ముఖం ఎర్రబడింది గానీ వదల్లేదు. తరవాత అది పడింది. అది పడేసరికి పడమటి గాలి లేచింది. పడవ, తెడ్డు రెండూ గాలివాటున పోతున్నాయి. తెడ్డు తేలిక కనుక వేగంగా పోతోంది. అక్కడ్నించి ఇరవై గజాల్లో గుర్రపుడెక్క దట్టంగా ఉంది, అందులోకి వెళ్ళిందంటే ఇక దొరకదు. నేను ఆలోచించి చేశానని చెప్పలేను. నా పడవ ముక్కు దానంతటదే తెడ్డు వైపు తిరిగింది.

"మామ్మా!" అంది. విన్నాను. వస్తున్నానులే అనుకున్నాను. తెడ్డు అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంకోసారి "మామ్మా!" అంది. ఆ గొంతు వేరుగా ఉంది, అది కూడా విన్నాను. అప్పటికి పడవ చేతికి అందేంత దగ్గరలో ఉంది, దాన్నీ పట్టుకున్నాను. అన్నీ చక్కగా పోగుచేసుకుని దాని దగ్గరికి వెళ్ళేసరికి బ్యాంకావిడ అప్పటికే తన పడవ వేసుకొచ్చి దాని చెయ్యి పట్టుకుని ఉన్నారు. అది ఏడుస్తోంది. గొడవ అయ్యాకే నాకు తెలిసింది, నాచు కాలికి చుట్టుకుందట. విడిపించుకుందామని కాలు కిందికి పెడితే బురదలో మోకాలిదాకా దిగిపోయిందట. లాగితే రాలేదట. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయట.

నేను తెడ్డు దానికి చూపించాను. "ఇదిగో, పోలేదు" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అది సంతోషపడుతుందనుకున్నానేమో.

గట్టు మీద గొడవ అయ్యాక మాస్టారు మెల్లగా దగ్గరికొచ్చారు. "మామ్మగారూ, వరస మీకు అందరికంటే బాగా వచ్చు కదండీ" అన్నారు. ఆయన ఎగతాళి చెయ్యలేదు, నిజంగానే అడిగారు. "రేపు పొద్దున ఇంకోసారి చూద్దామండి. రేపు కూడా కాకపోతే ఈసారికి ఇద్దరూ ఆగాల్సిందే. నేనేం చెయ్యలేను" అన్నారు. మనవరాలు తల వంచుకుని జాకెట్టు తాళ్ళు విప్పుకుంటోంది. ముడి విప్పబోయి ఇంకా బిగించేసింది. చలికో, కోపానికో, గూడబాతుల్ని చూడలేనేమోనన్న దిగులుకో.

ఏలూరు బస్సెక్కాం. అది నా పక్కన కూర్చోలేదు, డ్రైవరు వెనకాల సీటు ఖాళీగా ఉంటే అక్కడికి వెళ్ళి కూర్చుంది.

సాయంత్రం నేను వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే వచ్చి, కొంచెం దూరంగా మెట్టు మీద కూర్చుంది. అదే మాట్లాడింది.

"మామ్మా, కోపంగా అడగట్లేదు. ఎందుకలా చేశావు?"

నేను మా అమ్మ సంగతి చెప్పాను. అది ఇదివరకు విన్నదే. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పాకకి కప్పు వేసేందుకు కిక్కిస కోసుకురావడానికి అమ్మా నేనూ దోనె మీద వెళ్ళాం. మోపులతో తిరిగొస్తుంటే గాలికి దోనె బోల్తా పడింది. అమ్మ ముందు గెడకర్ర అందుకుంది. తరవాత దోనె తిరగేసింది. తరవాత కొడవలి వెతికి తీసింది. తరవాత మోపులు ఒక్కొక్కటీ లాగి దోనెలో వేసింది. నేను అంతసేపూ కిక్కిస దుబ్బు పట్టుకుని వేలాడుతున్నాను. చివర్న వచ్చి నన్ను రెక్క పట్టుకుని ఎక్కించింది. "నీకు కాళ్ళున్నాయి, దోనెకి లేవు" అంది. మా లంకలో అందరూ అలాగే చేసేవారు. గెడ పోతే దోనె కదలదు. దోనె పోతే ఇంటికి చేరేది లేదు. మనిషి ఎక్కడికి పోతాడు? ఏదో ఒకటి పట్టుకుని ఉంటాడు. ఈ సంగతి నేను ఎన్నోసార్లు ఎంతోమందికి చెప్పాను, మా అమ్మ తెలివి చూడండని. అందరూ నవ్వేవారు. మనవరాలు కూడా చిన్నప్పుడు నవ్వింది.

ఆ సాయంత్రం నవ్వలేదు.

"నువ్వు మీ అమ్మని పిలిచావా మామ్మా?" అంది.

"ఎప్పుడు?"

"దుబ్బు పట్టుకుని ఉన్నప్పుడు."

గుర్తు తెచ్చుకుందామని చూశాను. కొడవలి నీళ్ళలోంచి పైకి వస్తూ మెరవడం గుర్తుంది. మోపులకి కట్టిన తాడు గుర్తుంది, కొబ్బరితాడు. కిక్కిస ఆకు అరచేతిలో కోసుకున్నది గుర్తుంది. నా గొంతు గుర్తు లేదు.

"గుర్తు లేదు" అన్నాను.

"పిలిచే ఉంటావు."

"ఏమో."

"ఎంతసేపున్నావు అలాగ?"

"ఏమోనే. మోపులు ఎనిమిదో పదో ఉన్నాయి."

అది నాకేసి చూసిన చూపు నాకు నచ్చలేదు. జాలిపడినట్టుంది. మా అమ్మ చెడ్డది కాదు, మంచి పనిమంతురాలు, నన్ను బడికి పంపింది కూడా ఆవిడే, అని చెప్పాను. "చెడ్డదని నేనన్లేదుగా" అంది. అన్లేదు, నిజమే. మరి నేనెందుకు చెప్పుకొచ్చాను? చింతపండు చేతికి అంటుకుని ఉంది, లేచి కడుక్కున్నాను. ఆ వేళ కూరలో ఉప్పు వేశానో లేదో కూడా చూసుకోలేదు. అది తిని, ఏమీ అనకుండా లేచిపోయింది.

పడుకోబోయే ముందు ఒక్క మాటంది. "రేపు నేను పడినప్పుడు నా దగ్గరికి ముందు వస్తావు కదూ?"

"వస్తాను" అన్నాను. అన్నాను గానీ, పొద్దున కూడా వద్దామనే కదా అనుకున్నాను. వరస నోటికి వచ్చు. చేతులకి వచ్చో రాదో నాకెలా తెలుస్తుంది?

ఆదివారం పొద్దున ఆరింటికల్లా గట్టు దగ్గరున్నాం. గాలి లేదు. మాస్టారు పడవలు దింపుతుంటే నేనే వెళ్ళి చెప్పాను.

"దాన్ని బ్యాంకావిడతో వెయ్యండి. నాకు మీరు పడండి."

"అమ్మాయి మీ జంట కదండీ?"

"నిన్న ఉంది. ఇవాళ ఆవిడతో వెయ్యండి."

మనవరాలు విని నా వైపు చూసింది. "నేను నీతో చేస్తానన్నానుగా మామ్మా" అంది. అంది గానీ కాళ్ళు బ్యాంకావిడ పడవ వైపే నడిచాయి. దాని తప్పు కాదు.

అది పడింది. ఆవిడ వెళ్ళి, ముఖంలో ముఖం పెట్టి అడిగి, చెయ్యి వేసి, తరవాత పడవ తీశారు. తెడ్డు దూరంగా పోయింది, ఆవిడ దానికేసి చూడను కూడా చూడలేదు. నాకు ఆ తెడ్డు మీదే ప్రాణం కొట్టుకుంది. తరవాత ఆవిడ పడ్డారు, అది తీసింది. ఇద్దరివీ పేర్లు రాసుకున్నారు.

నా వంతు వచ్చింది. మాస్టారు బోల్తా కొట్టారు. నేను "బాగున్నారా అండీ?" అని గట్టు మీదున్న వాళ్ళందరికీ వినపడేలా అడిగాను. ఆయన జవాబు చెప్పేలోపు చూసుకుంటే నా ఎడమచెయ్యి ఆయన పడవ ముక్కు మీద ఉంది. ఎప్పుడు వేశానో తెలియదు. ఆయన్ని ఎక్కించాను, పడవ ఒంపాను, తెడ్డు కూడా తెచ్చాను. అన్నీ చేశాను.

గట్టు ఎక్కాక ఆయన టోపీ పిండుకుంటూ, "అడగడం అడిగారు గానీ మామ్మగారూ, అడిగేటప్పుడు నా వైపు చూడలేదండీ. పడవనే చూశారు" అన్నారు.

"మీరు బాగానే ఉన్నారుగా?"

"ఉన్నానండి. అది మీకు తెలియదు కదా."

నేను సరేనన్నాను. ఆయన నా పేరు కొట్టేశారు. కొట్టేసి, కలం జేబులో పెట్టుకుని అడిగారు.

"మీరు లేకుండా అమ్మాయిని పంపుతారాండీ మరి?"

మనవరాలు పడవ మీద నీళ్ళు తుడుస్తున్నది ఆపి నిలబడింది.

"బ్యాంకావిడ పక్కనుంటే పంపుతాను" అన్నాను.

పంపడానికి ఒప్పుకున్నట్టు రాసిన కాగితం ఇచ్చారు. పెద్దవాళ్ళు సంతకం పెట్టే చోట నా పేరు కూడబలుక్కుని రాసి, తిరిగి ఇచ్చాను. తడి వేళ్ళ వల్ల రెండు అక్షరాలు అలుక్కుపోయాయి, ఫరవాలేదన్నారు. పైజామా మీద చీర చుట్టుకున్నాను. ఏడున్నర బస్సుకి ఇద్దరం ఏలూరు వచ్చేశాం.